డిగ్రీ పిల్లలకి రాత అసైన్‌మెంట్లు ఎలా ఇవ్వాలి

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో డిగ్రీ కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరర్ల కోసం, గెస్ట్ ఫ్యాకల్టీగా వెళ్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీరు తెలుగు చెప్పినా ఇంగ్లీషు చెప్పినా వ్యాసరచన మీ చేతికి రాక తప్పదు. ఇంటర్నల్ మార్కులు వేయాలి కాబట్టి అసైన్‌మెంట్ కూడా ఇవ్వక తప్పదు. మామూలుగా ఏం జరుగుతుందో మీకు తెలుసు. బోర్డు మీద "పర్యావరణ పరిరక్షణ" అని రాస్తాం. వారం తిరిగేసరికి బల్ల మీద అరవై అసైన్‌మెంట్లు ఉంటాయి. అన్నీ "నేటి ఆధునిక యుగంలో" అనే మొదలవుతాయి. కొన్నిటికి స్కెచ్ పెన్నుతో బోర్డరు కూడా ఉంటుంది. ఈ కాలం పిల్లలకి రాయడం రాదని స్టాఫ్ రూములో అనుకుని సంతకాలు పెట్టేస్తాం.

ఈ పాఠం చెబుతూ వచ్చాక నేను గట్టిగా నమ్మేది ఒకటే. రాత అలా రావడానికి సగం కారణం మనం ఇచ్చిన ప్రశ్నే. చూసి రాయడానికి వీలైన ప్రశ్న ఇస్తే చూసే రాస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. వాళ్లకి తప్ప ఇంకెవరికీ తెలియనిది అడిగి చూడండి. వెనక బెంచీలో కూర్చునే అబ్బాయి కూడా మూడు పేజీలు రాసి తెస్తాడు. ఆ ప్రశ్న తయారు చేసుకోవడమే మీ అసలు పని, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

ముందు ప్రశ్నని చిన్నది చేయండి

"శ్రీకాకుళం జిల్లా పర్యాటక ప్రదేశాలు" అని ఇచ్చారనుకోండి. అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం, శాలిహుండం, కళింగపట్నం అని వరసగా ఐదు పేర్లు, పేరుకి నాలుగు వాక్యాలు వస్తాయి. అవన్నీ ఫోన్లో ఉన్నవే. అదే అంశాన్ని ఇలా అడగండి: "శాలిహుండం కొండెక్కి స్తూపాల దగ్గర నిలబడండి. వంశధార ఏ వైపు కనిపిస్తోంది? చుట్టూ ఇంకా ఏమేం కనిపిస్తున్నాయి? బౌద్ధ భిక్షువులు ఉండడానికి ఈ చోటే ఎందుకు ఎంచుకుని ఉంటారో, మీరు కళ్లతో చూసినదాన్ని బట్టి ఒకటిన్నర పేజీలో చెప్పండి." దీనికి జవాబు రాయాలంటే ఆ కొండ ఎక్కాల్సిందే.

విజయనగరంలో "పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం" అనే వ్యాసం ప్రతి కాలేజీలోనూ ఇస్తారు. ప్రతి ఏడూ అవే వాక్యాలు తిరిగొస్తాయి. సిరిమానోత్సవం ఎప్పుడూ మంగళవారమే కాబట్టి ఇలా అడగొచ్చు: "మీకు తెలిసిన ఒక కొట్టుని ఎంచుకోండి. సిరిమాను రోజున ఆ కొట్టులో ఏం అమ్ముతారు, మామూలు మంగళవారం ఏం అమ్ముతారు? కొట్టు యజమానిని అడిగి, తేడా ఎందుకు వస్తుందో రాయండి." పండగ గురించే రాస్తారు, కానీ ఒక్కొక్కరిదీ ఒక్కో వ్యాసం అవుతుంది.

ప్రశ్న తయారయ్యాక దాన్ని మీరే ఛాట్‌జీపీటీలో వేసి చూడండి. వచ్చిన జవాబుకి పదికి ఏడు వేయాలనిపిస్తే ప్రశ్న మార్చండి. పిల్లల మీద నిఘా పెట్టడం కంటే ఇది తేలిక, మర్యాద కూడా. తరవాత ఇంకో పరీక్ష: ఒకే బెంచీలో కూర్చున్న ఇద్దరు ఈ ప్రశ్నకి వేరువేరు జవాబులు రాయగలరా? రాయలేరు అనిపిస్తే అది వ్యాసం ప్రశ్న కాదు, బిట్ పేపరు ప్రశ్న.

నోటితో చెప్పి వదిలేయకండి. కాగితం మీద రాసి జిరాక్స్ తీయించి ఇవ్వండి, క్లాసు వాట్సాప్ గ్రూపులోనూ పెట్టండి. ఏం రాయాలి, ఎవరు చదువుతారని అనుకుని రాయాలి, ఎన్ని పేజీలు, రఫ్ ఎప్పటికి, ఫెయిర్ ఎప్పటికి, దేనికి ఎన్ని మార్కులు అన్నది ఆ కాగితంలో ఉండాలి. "ఎవరు చదువుతారని" అన్నది చాలామంది వదిలేస్తారు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిన్ని కొడుక్కి మన ఊరి సంత గురించి చెప్పడం వేరు, పక్క ఊరి స్నేహితుడికి చెప్పడం వేరు. చదివేవాడెవడో తెలిస్తే ఏది వివరించాలో ఏది అక్కర్లేదో పిల్లలకి దానంతట అదే తెలుస్తుంది.

మొదటి రాత: అరగంట చూసి రాయడం

సెమిస్టర్ మొదట్లోనే అభిప్రాయాలు అడగకండి. చూడడం నేర్పండి. నాగావళి వంతెన, ఆర్టీసీ కాంప్లెక్స్, రైతు బజారు, విజయనగరం గంట స్తంభం దగ్గర సందు, లేదా వాళ్ల ఊరి రేషన్ డిపో, ఏదో ఒక చోట అరగంట కూర్చుని కనిపించింది, వినిపించింది నోట్‌బుక్‌లో దించమనండి. ఆ నోట్సు మీకు చూపించాలి. దానికీ మార్కులుంటాయని ముందే చెప్పండి.

ఒక్క నిబంధన పెట్టండి: బాగుంది, అందంగా ఉంది, సందడిగా ఉంది, రకరకాల అనే మాటలు వాడకూడదు. మొదట గొణుగుతారు. "మా ఊరి సంత చాలా బాగుంటుంది. అన్ని రకాల వస్తువులు దొరుకుతాయి" అని రాసిన పిల్ల పక్కన కూర్చుని, ఏ వస్తువు ముందు కనబడింది, ఎవరు అమ్ముతున్నారు, ఎంతకి అని అడగండి. రెండోసారి ఇలాంటిది రాస్తుంది: "ఎండు చేపలు అమ్మే మామ్మ గొడుగు నీడ తన మీద కాకుండా చేపల మీద పడేలా పాతుకుంది. పదకొండు దాటాక కుప్ప యాభై అన్నది నలభై అయింది." మీరు ఆ రెండు రాతల్నీ బోర్డు మీద పక్కపక్కన రాస్తే చాలు, మిగతా క్లాసుకి వేరే పాఠం అక్కర్లేదు.

రెండో రాత: ఒక పని ఎలా జరుగుతుందో చెప్పడం

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ ఫలం ఇచ్చే అసైన్‌మెంట్ ఇదే. మన జిల్లాల్లో దీనికి సరుకు కొదవ లేదు. పొందూరులో ఖద్దరు కోసం పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు, చేత్తోనే వడుకుతారు. బుడితిలో ఇత్తడి, కంచు సామాను చేస్తారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్రతో వీణలు చెక్కుతారు. అయితే "పొందూరు ఖద్దరు ప్రాశస్త్యం" అని అడిగారో, మళ్లీ గాంధీగారు మెచ్చుకున్నారన్న వాక్యంతో మొదలయ్యే వ్యాసమే వస్తుంది. దువ్వేటప్పుడు ఎముక ఏ చేతిలో ఉంటుంది, పత్తి ఏ చేతిలో ఉంటుంది, ఎన్నిసార్లు దువ్వితే చాలనుకుంటారు అని అడగండి.

పలాస వైపు నుంచి వచ్చే పిల్లలుంటే వాళ్లని జీడిపప్పు మీద రాయమనండి. చాలామంది ఇళ్లలో అమ్మలో, అత్తలో జీడి పరిశ్రమకి పనికి వెళ్తుంటారు. పైకి చూస్తే అంతా తెలిసిన పనే. జీడిపిక్కల్ని ఎండబెడతారు, ఆవిరికి ఉడికిస్తారు లేదా కాలుస్తారు, పెంకు పగలగొట్టి పప్పు తీస్తారు, వేడికి ఆరబెడతారు, పైపొర వలుస్తారు, సైజుల వారీగా వేరు చేస్తారు. పిల్లలు దీన్ని ఐదు వాక్యాల్లో ముగించి, అయిపోయింది సార్ అంటారు. మీ పని అక్కడే మొదలవుతుంది. పెంకులో ఉండే జిడ్డు చేతిని కాలుస్తుంది కదా, అమ్మ చేతికి ఏం రాసుకుంటుంది? ఆరబెట్టకుండా పొర వలిస్తే ఏమవుతుంది? గుండు పప్పు విరిగి బద్ద అయితే ధర ఎంత పడిపోతుంది? డబ్బా మీద "డబ్ల్యూ 320" అని ఉంటుంది, ఆ అంకె ఏమిటి? పౌను బరువుకి, అంటే సుమారు 454 గ్రాములకి, దాదాపు 320 దాకా పప్పులు తూగుతాయని ఆ గ్రేడు అర్థం. డబ్ల్యూ 240 అయితే అదే బరువుకి తక్కువ పప్పులే వస్తాయి కాబట్టి ఒక్కొక్కటి పెద్దది, ధరా ఎక్కువ. రోజూ ఆ డబ్బాల మధ్యే పెరిగిన పిల్ల ఈ ప్రశ్నతో మొదటిసారి ఇంటికెళ్లి అమ్మని అడుగుతుంది. ఆ రోజు నుంచి ఆమె వ్యాసంలో సరుకు ఉంటుంది.

ఈ అసైన్‌మెంట్‌కి కొలబద్ద ఇలా పెట్టండి: ఆ పని చేతకానివాడు చదివితే, ఎక్కడ జాగ్రత్తపడాలో తెలియాలి. అంటే ప్రతి వ్యాసంలోనూ "ఇది చెడిపోయేది ఇక్కడ" అని ఒక పేరా తప్పనిసరి. చెడిపోయే చోటు తెలియాలంటే పని చేసేవాళ్లని అడగాలి, ఫోన్లో ఆ సంగతి అంత తేలిగ్గా దొరకదు. పరిశ్రమలున్న ఊరి నుంచి రాని పిల్లలు ఉలిక్కిపడనక్కర్లేదు. ఆవకాయ కలపడం, నారు తీయడం, వల అల్లుకోవడం, సైకిల్‌కి పంచరు వేయడం, ఏదైనా సరిపోతుంది.

మూడో రాత: పెద్దవాళ్లని అడిగి రాయడం

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా తీరం వైపు ఉన్న ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. అప్పటికి మీ విద్యార్థులు చిన్నపిల్లలు. ఇంట్లో పెద్దవాళ్లకి మాత్రం ఆ రాత్రి గంట గంటకీ గుర్తుంటుంది. "తిత్లీ నష్టాలు" అని అడక్కుండా, "మీ ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టి, ఆ తెల్లవారి తలుపు తీసి చూసిన దగ్గర్నుంచి ఆ నెలాఖరు దాకా ఇల్లు ఎలా గడిచిందో అడిగి రాయండి" అనండి. నాటు కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ మధ్యకాలం ఇంటికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు వలస వెళ్లారు అన్న ప్రశ్న దగ్గరే ఈ వ్యాసాలకి ప్రాణం వస్తుంది. తీరం వైపు కాని పిల్లలకి 2014 హుద్‌హుద్ గానీ, నాగావళి వరదలు గానీ, ఊళ్లో బడి వచ్చిన ఏడాది గానీ ఇవ్వండి.

ఇంటికి పంపే ముందు క్లాసులోనే ప్రశ్నలు రాయించండి. అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్నలు కొట్టేయండి. "చాలా బాధపడ్డారా?" అంటే "అవును బాబూ" అంటారు, అంతటితో సరి. "ముందు ఏ గదిలోకి నీళ్లొచ్చాయి?" అంటే కథ మొదలవుతుంది. ఇంకో మాట. కొన్ని ఇళ్లలో ఆ జ్ఞాపకం ఇప్పటికీ పచ్చిగానే ఉంటుంది. చెప్పడం ఇష్టం లేకపోతే వదిలేసి వేరే అంశం తీసుకోవచ్చని మీరే ముందు చెప్పాలి. చెప్పినవాళ్ల పేరు వ్యాసంలో పెట్టొచ్చా లేదా అని అడిగి మరీ పెట్టించండి.

ఇక్కడే యాస సంగతి వస్తుంది. తాత "ఏటి సేస్తాం బావూ, సెట్లన్నీ పడిపోనాయి" అన్నాడు. పిల్లాడు దాన్ని "ఏమి చేయగలం నాయనా, వృక్షములు నేలకొరిగినవి" అని రాసుకొస్తాడు. పాపం, మార్కులు పోతాయని భయం. తాత మాట తాత అన్నట్టే కోట్స్‌లో పెట్టమనండి, తన మాట మామూలు వ్యావహారికంలో రాయమనండి. ఈ తేడా ఒకసారి పట్టుబడితే రాతలో సగం టెన్షన్ పోతుంది. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు, పిల్లలు చదివే పుస్తకాల్లోనూ రాసే పరీక్షల్లోనూ జనం మాట్లాడే భాష ఉండాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆయన సొంత జిల్లాలో కూర్చుని పిల్లల వాడుక మాటని ఎర్ర సిరాతో కొట్టేయడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. సీతంపేట వైపు నుంచి వచ్చే సవర పిల్లలకి తెలుగు రెండో భాష అన్నది కూడా గుర్తుంచుకోండి. గిడుగు వారు సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు తయారు చేశారు. మనం కనీసం, ఇంట్లో సవరలో విన్నది సవరలోనే తెలుగు లిపిలో రాసి, కింద తెలుగులో చెప్పనివ్వొచ్చు.

నాలుగో రాత: చదివి, తూచి రాయడం

ఇప్పుడు పుస్తకాల దగ్గరికి పంపండి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో ప్రారంభించిన కథానిలయం ఉంది. పాత పత్రికల్లో వచ్చిన తెలుగు కథల్ని అంతగా సేకరించిన చోటు దగ్గర్లో ఉండడం మన అదృష్టం. మన ప్రాంతం నేపథ్యంగా ఉన్న పాత కథ ఒకటి చదివి, అందులోని ఊరిలో ఉన్నదేమిటి, ఇప్పటి తమ ఊరిలో లేనిదేమిటి అని రాయమనొచ్చు. వెళ్లే ముందు ఫోన్ చేసి, పదేసిమంది చొప్పున పంపండి. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో పాత పేపర్లు చూడడం కూడా నేర్పించాలి.

చదివినదాన్ని నమ్మాలా వద్దా అని తూచడం నేర్పడానికి నేను ఉద్దానం కిడ్నీ జబ్బుని వాడతాను. "ఉద్దానంలో నీళ్ల వల్ల కిడ్నీలు పోతున్నాయి" అని పిల్లలు ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. వాళ్ల చేత కాగితం మీద మూడు గళ్లు గీయించండి: తెలిసినది, అనుమానం ఉన్నది, తేలనిది. ఆ ప్రాంతంలో మామూలు కంటే చాలా ఎక్కువమందికి ఈ జబ్బు ఉందన్నది మొదటి గడిలోకి వెళ్తుంది. పలాసలో దీనికోసం ఆసుపత్రి, పరిశోధన కేంద్రం పెట్టడం, హిరమండలం రిజర్వాయరు నుంచి పైపులైను వేసి నీళ్లివ్వడం కూడా అక్కడికే వెళ్తాయి. భూగర్భ జలం, పురుగుమందులు, ఎండలో నీళ్లు తాగకుండా చేసే పని, నొప్పి మాత్రల వాడకం రెండో గడిలోవి. అసలు కారణం ఇదీ అని పరిశోధకులు ఇంకా ఖాయంగా చెప్పలేదన్నది మూడో గడి. ఇప్పుడు వ్యాసం రాయమంటే పిల్లలు "అని అనుమానిస్తున్నారు", "అని తేలింది" అనే రెండు మాటల్ని వేరు చేసి వాడతారు. తమ ఇంట్లో మనిషి డయాలసిస్ చేయించుకుంటున్న పిల్లలు క్లాసులో ఉండొచ్చు. అలాంటప్పుడు ఈ అంశం వదిలి వేరేది తీసుకోండి.

ఎవరు చెప్పింది, ఎక్కడ వచ్చింది, ఎప్పుడు అన్న మూడూ వాక్యంలోనే చెప్పించండి. "ఒక సర్వే ప్రకారం" అన్న మాట కనిపిస్తే ఏ సర్వే అని అడగండి, చెప్పలేకపోతే ఆ వాక్యం తీసేయాలి.

ఐదో రాత: ఒప్పించడం

"మొబైల్ ఫోన్ వరమా శాపమా" ఇక చాలించండి. అవునూ కాదూ అనగల ఒక అధికారికి ఉత్తరం రాయించండి. పొద్దున్న కాలేజీ టైముకి తమ రూట్లో ఇంకో బస్సు వేయమని డిపో మేనేజర్‌కి రాయాలంటే, ఏ స్టాపులో ఎందరు ఎక్కుతున్నారో, ముందు బస్సు ఎన్నింటికి పోతోందో లెక్క తేవాలి. బస్సు వేస్తే డిపోకి వచ్చే ఇబ్బంది ఏమిటో కూడా ఒక పేరాలో ఒప్పుకుని దానికి సమాధానం చెప్పాలి. బాగా వచ్చినవాటిలో ఒకదాన్ని క్లాసంతా సంతకాలు పెట్టి నిజంగానే పంపించండి.

రఫ్‌కి కూడా మార్కులు వేయండి

అరవైమంది రాతలు ఒక్కొక్కటీ ఎనిమిది నిమిషాలు చదివితే ఎనిమిది గంటలవుతుంది. ఐదు అసైన్‌మెంట్లు, రెండేసి ప్రతులు అంటే ఎవరి వల్లా కాదు. అందుకని రఫ్ మీరు చదవకండి. క్లాసులో జంటలుగా కూర్చోబెట్టి, ఒకరిది ఇంకొకరు పైకి చదవాలి. రాసినవాడు వింటూ, చదివేవాడు తడబడ్డ ప్రతి చోటా గీత పెట్టుకోవాలి. ఇంకొకరి గొంతులో విన్నప్పుడు తన వాక్యం ఎక్కడ కుంటుతోందో రాసినవాడికే తెలుస్తుంది.

ఫెయిర్ మీరు చదవండి, కానీ అందరిదీ ఒకే వారం పెట్టుకోకుండా ఇరవైమంది చొప్పున మూడు వారాలకి సర్దండి. మార్కులు పదికైతే నోట్సుకి మూడు, రఫ్‌కీ ఫెయిర్‌కీ మధ్య మార్పుకి మూడు, చివరి రాతకి నాలుగు వేస్తే న్యాయంగా ఉంటుంది. ఎక్కడి నుంచో దించుకొచ్చినవాడికి నోట్సూ ఉండదు, రఫ్‌లో మార్పూ ఉండదు, కాబట్టి వాడితో గొడవపడాల్సిన పని లేదు. మార్కులే చెబుతాయి.

పేజీ నిండా ఎర్ర సిరా వద్దు. అచ్చుతప్పులు మొదటి పేరాలో మాత్రం గుర్తించి, ఇలాంటివే మిగతావి మీరే వెతకండి అని రాయండి. ఒత్తులు, ణ-న, శ-ష-స తప్పులు ఎక్కువగా వస్తాయి, అవి క్లాసులో అందరికీ ఒకేసారి చెప్పేయొచ్చు. చివర్లో "గుడ్" అని సంతకం పెట్టకుండా ఒక్క ప్రశ్న రాయండి: "అమ్మ రోజుకి ఎన్ని కిలోలు వలుస్తుందో చెప్పలేదేం?" అని. చదివి అడిగారని తెలిస్తే తరవాతి అసైన్‌మెంట్ మొహమాటానికైనా మనసు పెట్టి రాస్తారు.

సెమిస్టర్ అయ్యాక బాగా వచ్చిన ఏడెనిమిది వ్యాసాలు, వాటి రఫ్‌లతో సహా, రాసిన పిల్లల్ని అడిగి జిరాక్స్ తీసి పెట్టుకోండి. వద్దన్నవాళ్లవి వదిలేయండి, పేర్లు అక్కర్లేదంటే కొట్టేయండి. వచ్చే ఏడు కొత్త బ్యాచ్‌కి మొదటి క్లాసులో ముందు రఫ్, తరవాత ఫెయిర్ చేతికిచ్చి, ఏం మారిందో వాళ్ల చేతే చెప్పించండి.